బావిలో మందుకుండ

ఫలక్‌నుమాలో నేను అద్దెకున్న గది వెనక ఒక బావి ఉండేది. ఆ వాడంతా అవే నీళ్లు తాగేది. బావుల్లో మందు కలపడం నా నౌకరి. చిల్లు పెట్టిన కుండలో బ్లీచింగ్ పౌడరూ ఇసుకా నింపి, తాడు కట్టి నీళ్లలోకి దింపేవాణ్ణి. మందు కొద్దికొద్దిగా కలిసి నీళ్లను శుభ్రం చేసేది. ఊళ్లో బావులన్నిట్లో దింపినవాణ్ణి, నేనుండే చోటును వదిలేస్తానా? అక్కడా దింపాను. అదే నా కొంప ముంచింది.

అవి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమని సర్కారు జనం వెంటపడుతున్న రోజులు. సర్కారు మనిషి బావిలోకి ఏదో దింపాడంటే అది ఇంకేం మందు అవుతుంది? సాయంత్రానికల్లా వాడంతా తేల్చేసింది.

నాకు గది అద్దెకిచ్చింది బర్రెలు పెట్టుకుని పాలమ్మే ముసలామె. పొద్దున్నే నా గడప మీద చాయ్ పెట్టేది. నన్ను బిడ్డా అని పిలిచే మనిషి ఆ పట్నంలో ఆమె ఒక్కతే. ఆమె కోడలికి పెళ్లయి ఏళ్లయినా కడుపు పండలేదు. అందుకే అందరికంటే ఆమె ఎక్కువ బెదిరింది.

"గా కుండ తీసెయ్ బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

"తియ్యనవ్వా. తీస్తే రోగాలొస్తయ్."

ఇక కోడలు రైలు పట్టాల అవతలి దిగుడుబావి నుంచి బిందెలు మోయడం మొదలుపెట్టింది. ఆ బావి మెట్ల మీద బట్టలుతికేవాళ్లు, బర్రెల్ని కడిగేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. ఒకరోజు అందరి ముందూ మా బావి నీళ్లు తోడి చెంబెడు గటగటా తాగేశాను.

"చూడుండ్రి, నాకేమన్న అయిందా?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ముసలామె నవ్వలేదు.

"నీకు పెండ్లా, పిల్లలా? నీకేమైతది బిడ్డా?"

నిజమే కదా. వెనకాముందూ ఎవరూ లేనివాడి సాక్ష్యం ఎవడిక్కావాలి? మర్నాటి నుంచి చాయ్ రాలేదు. ఎవరూ తిట్టలేదు, లొల్లి చేయలేదు. నేను వాకిట్లోకొస్తే మాటలు ఆగిపోయేవి, అంతే. తిట్టినా బాగుండేదనిపించేది. గదిలో కూర్చుని నాతో నేనే పోట్లాడుకునేవాణ్ణి.

చలికాలంలో కోడలికి నెల తప్పింది. ముసలామె వాడంతా బెల్లం పంచింది. నాకూ ఒక ముక్క గడప మీద పెట్టి వెళ్లిపోతుంటే వెంటపడ్డాను.

"అవ్వా, గా దిగుడుబావి నీళ్లు కనీసం మరగబెట్టి తాగమను."

"మళ్ల నీళ్ల ముచ్చటేనా? గా నీళ్లు తాగినంకనే గద కడుపైంది!" అని విసురుగా లోపలికి వెళ్లింది.

ఎండలు ముదిరేసరికి కోడలి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. ముందు ఎవరో పసరు పోశారు, ఆ తర్వాతే ఆసుపత్రి. కోడలి ప్రాణం దక్కింది, బిడ్డ దక్కలేదు. రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేశారని వాడలో చెప్పుకున్నారు.

వాళ్లు ఇంటికొచ్చాక నేను వాకిట్లోకి పోలేకపోయాను. నేను ముందే చెప్పానన్న ఆలోచన ఒకటి వచ్చేది, దాన్ని తలుచుకుంటే నా మీద నాకే రోత పుట్టేది. ఒక పొద్దున వెనక గిలక చప్పుడైతే తలుపు తీశాను. ముసలామె మా బావి నీళ్లు తోడుతోంది. కోడలు గోడకానుకుని కూర్చుంది, ఎముకల గూడు.

"అవ్వా, ఈ నీళ్లేనా?" అన్నాను. ఏం అడగాలో తెలియక అడిగాను.

ఆమె నా వైపు తిరగలేదు. చెంబు నింపి కోడలి చేతిలో పెట్టింది.

"దీనికింక పిల్లలు పుట్టరంట," అంది. "ఇగ ఏం ఫికర్ బిడ్డా?"

కోడలు చెంబు ఎత్తి తాగుతోంది. ఆ పిల్ల ఈ నీళ్లు తాగాలని అన్నాళ్లూ కోరుకున్నది నేనే. చూడలేక లోపలికొచ్చి తలుపేసుకున్నాను.