రౌటర్ వెతికిన పేరు

అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్నాను. మా బ్యాచ్ మొత్తానికి రౌటర్ ఒక్కటే. మూడు వారాలు ఎదురుచూస్తే ఈ రోజు నా వంతు వచ్చింది, అదీ రెండు నిమిషాలు. పేరు చెబితే కంప్యూటర్ అడ్రసు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సెట్ చేయబోయి, కంగారులో కమాండ్‌లో ఒక అక్షరం తప్పు కొట్టాను. స్క్రీన్ అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది సార్?" అని అడిగాను.

"తప్పు కొట్టినవ్ తమ్మీ. గదేదో కంప్యూటర్ పేరనుకొని దేవులాడుతుంది. జర ఆగు," అన్నారు సార్.

అది వెతుకుతుండగానే నా టైం అయిపోయింది. వెనకవాడు కుర్చీ లాక్కున్నాడు.

లేని పేరు కోసం ఆ డొక్కు రౌటర్ అంతసేపు వెతికింది. అక్షరం తప్పు లేకుండా రాసి పంజాగుట్ట ఆఫీసుల్లో ఇచ్చొచ్చిన నా రెజ్యూమెలో పేరు కూడా ఎవరూ చూడలేదు. నాలాగే రెజ్యూమెలు ఇచ్చొచ్చిన మీలో ఎవరికైనా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందా? అబద్ధమైనా సరే, వచ్చిందని చెప్పండి.