నెగ్గినవాళ్ళను మెచ్చని థర్మన్

థర్మన్ పికార్డ్ పోకర్ పోటీలో మొట్టమొదట చెమటోడ్చి నెగ్గింది అమరిల్లోలో. వెండి కప్పు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పేక ముక్కలకివ్వండయ్యా. చివరి ఆట నేను తప్పే ఆడాను" అన్నాడు. ఆ గుణం ఆయన్ని మళ్ళీ వదల్లేదు. ఎవరు నెగ్గినా "నెగ్గావు గానీ ఆడలేదు" అంటాడు. ఓడినవాడి గోడు అంటే లాస్ వేగస్‌లో జనం చెవులు మూసుకుని పారిపోతారు. ఈయన మాత్రం కాఫీ ఇప్పించి మరీ వింటాడు.

ఆ కాఫీ పోసేది అక్క ఓపల్. పోటీల హాలు గుమ్మం పక్కనే ఆమె కౌంటర్. కాఫీకే డబ్బులు, తమ్ముడి ఘనతలు ఉచితం.

"రీనోలో రెండేళ్ళు వరసగా మా వాడే!"

"ఒక ఏడు ఎదుటివాడికి కునుకు పట్టిందక్కా."

"టల్సాలో వెండి బకిల్ బెల్టు!"

"ఆ రోజు నాకు ఆసులు తప్ప ఇంకేం రాలేదు. నా కుర్చీలో కోతిని కూర్చోబెట్టినా నెగ్గేది."

"ఒరేయ్, నా నోటికి అడ్డు రావద్దన్నానా!"

1983 మే పోటీలో ఓపల్ దగ్గర వడ్డించే డార్లీన్ కూడా కూర్చుంది. ఏడాదిగా దాచుకున్న టిప్పులన్నీ ప్రవేశ రుసుముకే కట్టింది. రెండో రోజు ఆమె చేతికి రెండు ఆసులు వచ్చాయి. ఉన్న పందెం బిళ్ళలన్నీ ముందుకు తోసింది. పాత కార్లమ్మే గార్లండ్ ఒక ఏడు, ఒక రెండు పట్టుకుని, అంతకన్నా చెత్త ముక్కలు పేకలోనే లేకపోయినా, సై అన్నాడు. బల్ల మీద అందరికీ కలిపి పరిచే ముక్కల్లో ఇంకో ఏడు, ఇంకో రెండు తేలాయి. వాడి రెండు జతల ముందు ఆమె ఆసుల జత ఓడిపోయింది. గార్లండ్ కుర్చీ ఎక్కి గంతులేశాడు.

డార్లీన్ కౌంటర్ దగ్గరికొచ్చి ఏప్రన్ మడిచి పెట్టింది. "నాకు బుర్ర లేదమ్మా. ఈ జన్మలో ఇక ముక్క ముట్టను. టూసాన్‌లో మా చెల్లి లాండ్రీకి పోతాను."

ఇంతలో థర్మన్ ఆడుతున్న బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చేశాడు. ఆ రోజు అందరికన్నా ఎత్తయిన బిళ్ళల గుట్ట ఆయనదే. పోటీలో మనిషి లేకపోయినా ఆట ఆగదు; వంతు వచ్చినప్పుడల్లా ఆ గుట్టలోంచి బిళ్ళలు పోతూనే ఉంటాయి.

"కూర్చో పిల్లా. ఏ ముక్కలు?"

"రెండు ఆసులండీ," అంది ముక్కు తుడుచుకుంటూ.

"అది వదిలెయ్. ఆసులు ఎవడైనా తోస్తాడు. నిన్న నా పందెం చూసి ఏ ముక్కలు పారేశావు?"

ఓపల్ గుమ్మంలోంచి అరిచింది. "ఒరేయ్, నీ బిళ్ళలు కరిగిపోతున్నాయిరా!"

"కరగనీ అక్కా. చెప్పు పిల్లా."

"రెండు రాణులు. రాత్రంతా ఏడ్చాను, పిరికిదాన్నని."

"ఎందుకు పారేశావు?"

"మీరు పొద్దున్నుంచీ వచ్చిన ముక్కలన్నీ పడేస్తూనే ఉన్నారు. నేను పందెం పెంచితే, వెంటనే కుర్చీ ముందుకు లాక్కుని బిళ్ళలు మొత్తం పెట్టేశారు. అంత ఓపికున్న మనిషి ఊరికే పెట్టడు కదండీ."

"నా దగ్గర రెండు రాజులున్నాయి."

"పొండి! నన్ను ఓదార్చడానికి..."

"వాడు ఓదార్చడమా? అబద్ధం కాదే!" అంది ఓపల్. నిన్న కాఫీ అందిస్తూ ఆ రాజుల్ని కళ్ళారా చూసింది మరి. "రాణులు పట్టుకుని ఎలా పారేశావే!"

"నలభై ఏళ్ళ ఆటలో నా రాజుల్ని అలా పట్టేసినవాళ్ళు లేరు," అన్నాడు థర్మన్. "నెగ్గిన చేతిలో అదృష్టం ఉంటుంది. పారేసిన చేతిలో మనిషి ఒక్కడే ఉంటాడు. నువ్వు ఓడావు గానీ, ఆడావు."

డార్లీన్ ఏడుస్తూనే నవ్వింది.

థర్మన్ తిరిగి వెళ్ళేసరికి గుట్ట చదునైపోయింది. మిగిలిన కాస్తా రెండు ఆటల్లో ఊడ్చుకుపోయింది. సాయంత్రం కప్పు నెగ్గిన గార్లండ్ ఛాతీ విరుచుకుంటూ వచ్చాడు. "ఏం ముసలాయనా, ఎలా ఉంది నా ఆట?"

థర్మన్ నోరు తెరిచేలోపే హాలంతా అందుకుంది: "నెగ్గావు గానీ ఆడలేదు!"

మర్నాడు డార్లీన్ టూసాన్ బస్సెక్కలేదు. థర్మన్ పాత ట్రక్కులో రీనో పోటీకి బయల్దేరింది. ప్రవేశం ఆయనే కట్టాడు. తను ఆడడట, పక్కన కూర్చుని చూస్తాడట. ఓపల్ చెప్పుకునే ఘనతల్లో ఇప్పుడిదే మొదటిది, అడ్డు రావడానికి తమ్ముడు కూడా లేడు. ఓడి వచ్చి "థర్మన్ ఏడమ్మా?" అని అడిగినవాళ్ళకు ఆమె కాఫీ పోసి చెబుతోంది: "గోడు జాగ్రత్తగా దాచుకోండి నాయనా. మా వాడు జూన్ పదకొండున వస్తాడు."