ధ్వని పాఠంలో హెడ్‌మాస్టరు గారు

మా హెడ్‌మాస్టరు గారి పరువును నా చేతులతో నేనే ఊరంతటికీ పంచిపెట్టిన వైనం ఇది. అంత ఘనకార్యం చేశాక కూడా ఉద్యోగంలో ఎలా మిగిలావని మీరు అడగవచ్చు. నాకూ అదే ఆశ్చర్యం.

అప్పట్లో కోయిలకుంట్ల దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో కొత్తగా సైన్సు చెప్పేవాణ్ణి. ఫోన్లో ఎక్కడెక్కడి టీచర్ల పాఠాలో చూసి చూసి, వాళ్లకున్న పేరు నాకెందుకు లేదన్న దిగులు పట్టుకుంది. బడి పేజీలో మనమూ పాఠం లైవ్ పెడితే తల్లిదండ్రులు మెచ్చుకుంటారని, కొత్త పిల్లలు చేరతారని హెడ్‌మాస్టరు సుబ్బరాయుడు సారు వెంట వారం రోజులు తిరిగాను. బడిలో ఫోను కనిపిస్తేనే ఆయనకు ఒళ్లుమంట. చివరికి మెత్తబడ్డారు.

"సరేప్పా, పెట్టు. నేనొచ్చి వెనక కూర్చుంటా. ఏమన్నా తేడా వచ్చిందో, నువ్వు ఈడ ఉండవు" అన్నారు.

ఆ రోజు ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం. ఆఖరి బెంచీకి ముందు స్టాండు మీద ఫోను బిగించాను. తెరలో నా ముఖం చూసుకుని, క్రాఫు సర్దుకుని, లైవ్ నొక్కి, పెళ్లికొడుకులా బోర్డు దగ్గరికి నడిచాను. ముఖం చూసుకున్నాక కెమెరాను బోర్డు వైపు మార్చాలన్న సంగతి మాత్రం గుర్తే లేదు. ఇక ఫోను చూపిస్తున్నది నన్ను కాదు, ఆఖరి బెంచీలో ఒక్కరే కూర్చున్న మా సారును.

ఆయనేమో భోజనం చేసి వచ్చారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. నేను కంపనాల దగ్గరికి చేరేసరికి ఆయన నిద్రలోకి చేరారు. పిల్లలు కిసుకిసు నవ్వుతుంటే నా చలోక్తులు పేలుతున్నాయనుకుని ఇంకా రెచ్చిపోయాను.

గంట కొట్టి, సారు లేచి తన గదికి వెళ్లాక ఫోను చూస్తే నాలుగు వందల మంది చూశారు. నా ఛాతీ చొక్కా గుండీలు తెంపేంత పొంగింది. అప్పుడు ఒక పాప తండ్రి ఓబులేసు రాసిన కామెంటు కనిపించింది.

"ధ్వని యాడ పుడుతుందో శానా బాగా చూపించినారు సార్. చెప్పే సారు మాత్రం కనపల్లేదు."

వీడియో తెరిచాను. నలభై నిమిషాలూ తెర నిండా మా సారే, నోరు తెరుచుకుని. నా గొంతు ఎక్కడో బావిలోంచి వస్తోంది. ఆయన గురక మాత్రం మైకు పక్కనే రైసుమిల్లులా ఆడుతోంది.

ఆయన గదికి వెళ్లి, జరిగింది చెప్పి, ఫోను చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని ఐదు నిమిషాలు చూశారు. ఆ ఐదు నిమిషాల్లో మనసులో రాజీనామా ఉత్తరం రాసి సంతకం కూడా పెట్టేశాను.

"ముప్పై ఏండ్లుగా మా ఇంట్లో ఆమె నేను గురక పెడతానంటాండాది. నేను లేదంటాండా" అన్నారు నెమ్మదిగా. "ఆమె చూడకముందే తీసేయప్పా."

తీసేశాను. ఇద్దరం ఊపిరి పీల్చుకునేలోపే ఆయన ఫోను మోగింది. ఇంటి నుంచే. ఆయన ఎత్తారు. అవతలి నుంచి సారు గురకే స్పష్టంగా వినిపించింది. అమ్మగారు అప్పటికే వీడియోను తన ఫోన్లోకి దించి దాచుకున్నారు.

నన్ను ఆయన తీసేయలేదు. తీసేస్తే ఈ కథ చెప్పుకుంటూ జిల్లా అంతా తిరుగుతానని భయపడి ఉంటారు. ఏదేమైనా సుద్దముక్క చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎన్ని లైవులు పెట్టినా, కడుపు నిండా భోంచేసిన పెద్దవాళ్లను నా క్లాసు దరిదాపుల్లోకి రానివ్వను.