మాత్ర మింగిన తర్వాతి రెండు సెకన్లు

నా పదవీ విరమణకు పద్నాలుగు నెలలు మిగిలి ఉండగా, ఒక ఫిబ్రవరి మొదటి సోమవారం, చిత్తూరులోని మా కార్యాలయం నుంచి అరపేజీ ఉత్తర్వు అందింది. క్షయ వ్యాధి మీద ప్రజలు తీసి పంపిన లఘుచిత్రాలను చూసి మూడింటిని ఎంపిక చేసే కమిటీలో నన్ను సాంకేతిక సభ్యుడిగా వేశారు. ఎంపికైనవాటిని ఆరోగ్య కేంద్రాల్లోని టీవీల్లో, ఊళ్లలో జరిగే వైద్య శిబిరాల్లో వేస్తారు. సినిమా బాగుందో లేదో చెప్పడం నా పని కాదు. మందులు, మోతాదు, పరీక్షలు తప్పుగా చూపించి ఉంటే పట్టుకోవడమే నా పని.

అప్పుడు నేను సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌ని. పేరు పెద్దది, హోదా చిన్నది. క్షయ రోగి మందు మొదలుపెట్టిన రోజు నుంచి ఆపే రోజు దాకా ఒక్క మోతాదు కూడా తప్పకుండా చూడటం మా బాధ్యత. మామూలు క్షయకు ఆరు నెలల మందు, మొత్తం నూట అరవై ఎనిమిది మోతాదులు. మోతాదుకొక టిక్కు చొప్పున కార్డులో పెట్టాలి. రోగి మాత్ర మింగుతుండగా ఎవరో ఒకరు కళ్లారా చూడాలన్నది నియమం. సాధారణంగా ఆ ఊరి ఆశా కార్యకర్త చూస్తుంది. ఆశా రోజూ గుమ్మంలోకి వస్తే వీధికి సంగతి తెలిసిపోతుందని భయపడేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు ఫోన్‌లో వీడియో పంపే వెసులుబాటు ఇచ్చాం. మాత్ర చూపించాలి, మింగాలి, నోరు తెరిచి నాలుక పైకెత్తాలి. నేను చూసి, టిక్కు పెట్టి, వీడియో చెరిపేయాలి. రోగి వివరాలు బయటపడకూడదు కాబట్టి చెరపడం కూడా నియమమే.

ఉత్తర్వులో ఏమున్నా నాకు లోలోపల సంబరంగా ఉండింది. నా చదువు ఇంటర్మీడియట్, ఆపైన ఏడాది ల్యాబ్ కోర్సు. తక్కినదంతా శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. ఇరవై ఏళ్లపాటు ఆదివారాలు అక్కడే గడిపాను. సినిమాను ఎలా చూడాలో చెప్పే పుస్తకాలు ఆ అల్మారాలో నాలుగే ఉండేవి. నాలుగూ చదివి రెండు వందల పేజీల నోటుపుస్తకం నింపాను. రెండు షాట్ల మధ్య తెర మీద లేనిదాన్ని చూసేవాడి మనసే కల్పించుకుంటుందని వాటిలో చదివినప్పుడు, ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో రెండుసార్లు రాసుకున్నాను. అది పుస్తకంలో మాట. కళ్లతో చూసే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది.

కమిటీలో ముగ్గురం. అధ్యక్షురాలు మా వైద్యాధికారి మేడమ్. రెండో సభ్యుడు తిరుపతి నుంచి వచ్చిన లెక్చరర్, కాలేజీలో జర్నలిజం చెబుతారు. మీటింగ్ హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి, రెండు రోజుల్లో నలభై ఒక్క చిత్రాలు చూడాలని ఏర్పాటు. పంపినవాళ్ల పేర్లు కవర్లలో విడిగా ఉంచారు. మా ముందున్నవి నంబర్లే.

మొదటి పది చిత్రాల్లో అందరూ ఒకే రకంగా దగ్గారు. గట్టిగా దగ్గి, చేతిరుమాలు మీద ఎర్రరంగు చూపించి, మన వైపు చూస్తారు. నిజమైన రోగి దగ్గాక ఎవరివైపూ చూడడు. ముందు గుడ్డ వైపు చూసుకుంటాడు. ఆ మాట చెబితే లెక్చరర్ నవ్వి, "మీరు డైరెక్టర్ కావల్సినోళ్లు సార్, యాడ నేర్చుకున్నారు ఇదంతా?" అన్నారు. గ్రంథాలయంలో అన్నాను. ఆ జవాబు ఇవ్వడానికే ఆయన ఎప్పుడడుగుతారా అని చూస్తున్నాననిపించింది.

ఏర్పేడు దగ్గర చదివే విద్యార్థులు డ్రోన్‌తో తీసిన చిత్రం ఒకటి; ఎవరు తీసిందీ తర్వాతే తెలిసింది. చెరువులు, రోడ్లు, మామిడి తోపులు అద్భుతంగా ఉన్నాయి. కానీ అంత ఎత్తు నుంచి రోగి చీమంత కూడా లేడు. అదే చిత్రం చివర ఒక ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించారు. వెనక నుంచి ఉదయపు ఎండ వచ్చి ఊపిరితిత్తులు రెండూ వెలిగాయి. ముప్ఫై ఏళ్లుగా ఎక్స్‌రేలు పట్టుకున్న చేతులు నావి. అవి అంత అందంగా ఉంటాయని నాకు తెలియదు. అయితే ఫిల్మును తిరగేసి పెట్టారు, రోగికి గుండె కుడివైపు ఉన్నట్టు వచ్చింది. ఒక మార్కు తగ్గించాను.

గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో తీసింది మూడు నిమిషాలే ఉంది. మాటలు లేవు. కాయలు ఏరే మనిషి ఒకడు గోతం ఎత్తబోతాడు, ఎత్తలేడు, పక్కవాడు చూడకముందే దాన్ని సర్దుతున్నట్టు నటిస్తాడు. తెరంతా నిమ్మపండు పసుపు, మధ్యలో అతని బూడిద రంగు మొహం. లెక్చరర్ దాన్ని మళ్లీ వేయించారు. నా నోటుపుస్తకంలో ఆ చిత్రం పక్కన ఒక్క మాటే ఉంది: "అబ్బా!"

రెండో రోజు మధ్యాహ్నం ముప్ఫై మూడో నంబరు వచ్చింది. అయిదున్నర నిమిషాలు. ఒక ఆడమనిషి మొహం. రెండు సెకన్లు మన వైపు చూసి, ఫోన్ ఆపడానికి చెయ్యి చాపుతుంది. కట్. మళ్లీ అదే మొహం, అదే గోడ, అదే చెయ్యి. కట్. మందు లేదు, ఆసుపత్రి లేదు, దగ్గు లేదు.

"ఇదేంది సార్, సెల్ఫీల దండా?" అన్నారు లెక్చరర్.

నిమిషం గడిచాక ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆమె చెంప ఎముకల మీద కండ వస్తోంది. జారిపోతున్న జాకెట్టు భుజం మెల్లగా నిండుతోంది. గోడ మీద ఎండ జరుగుతోంది. వెనక గుమ్మంలో ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటుంది. నేల మీద అన్నం తినే స్టీలు తట్ట ఒకటి, గ్లాసు వేరుగా బోర్లించి ఉంటాయి. రోజులు దొర్లేకొద్దీ ముసలామె గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వస్తుంది. ఇంకొన్నాళ్లకు కొంగు దిగుతుంది. ఒకరోజు బోర్లించిన తట్ట అక్కడ ఉండదు. చివరి రెండు సెకన్లలో ముసలామె పక్కనే కూర్చుని ఏదో తింటూ ఉంటుంది, ఈమె ఫోన్ ఆపడం మరిచిపోయి ఆమె వైపు తిరుగుతుంది. అంతే.

దుప్పట్లు తీయమని మేడమ్ చెప్పారు.

నేను మాత్రం సగంలో ఆమెను గుర్తుపట్టాను, అదీ మొహాన్ని బట్టి కాదు. ఆమె వెనక తీగ మీద ఇడ్లీ గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఆ గుడ్డలు నాకు తెలుసు. ఆమె నా రోగి. ఆ వీడియోలు ఆర్నెల్లపాటు రోజూ పొద్దున నా ఫోన్‌కే వచ్చాయి. నాలుక పైకెత్తగానే ఆపేసి టిక్కు పెట్టేవాణ్ణి. ఆ తర్వాత మిగిలిన రెండు సెకన్లు నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె తన ఫోన్లో ఉంచుకున్నవాటిలోంచి మాత్ర మింగిన భాగమంతా తీసేసి, నేను చూడకుండా వదిలేసిన భాగాలన్నీ కలిపి చిత్రం చేసింది. ముసలామె, తట్ట అన్నాళ్లూ వెనకే ఉన్నా నాకు కనపడటం ఇదే మొదటిసారి.

అప్పుడే భయం పట్టుకుంది. ఆమెది టిఫిన్ అంగడి. వీడియో పద్ధతి కోరుకున్నదే వీధికి తెలియకూడదని. తెలిస్తే ఆ అంగడిలో ఎవరూ ఇడ్లీ ముట్టరు. నయమైపోయినా ఆ మాట పోదు. ఈ చిత్రం ఎంపికైతే ఆమె మొహం జిల్లాలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఆడుతుంది. ఆమె నిజమైన రోగి అని లెక్చరర్ ముందు చెప్పే హక్కు నాకు లేదు. టీ తాగే సమయంలో మేడమ్‌ను పక్కకు పిలిచి చెప్పాను. ఆమె అధికారి కాబట్టి ఆమెకు చెప్పవచ్చు. "నిర్ణయం రేపటికి వాయిదా వేస్తా. పోయి అడిగి రండి. కారణం మాత్రం యాడా రాయొద్దండి," అన్నారు.

ఆమె ఊరు ఐరాల వైపు అని ఇక్కడ రాస్తాను. ఊరు, వ్యాపారం రెండూ మార్చి రాస్తున్నాను. పేరు రాజమ్మ అనుకుందాం. ఇది రాయడానికి ఆమె ఒప్పుకుంది.

రోగి ఇంటికి వెళ్లేటప్పుడు మేం బండిని రెండు వీధుల అవతల పెడతాం, చేతిలో కార్డు కనిపించనివ్వం. ఆ సాయంత్రం గిరాకీ తగ్గిన వేళ చూసి వెళ్లి, రెండు ఇడ్లీ చెప్పి కూర్చున్నాను. పక్కన ఎవరూ లేనప్పుడు, ఆమె పంపిన చిత్రం చూశానని చెప్పాను.

ఆమె చట్నీ గరిటె పట్టుకునే ఆగిపోయింది. "బాగుండాదా సార్?"

నేను జాగ్రత్తలు చెప్పడానికి సిద్ధమై వెళ్లాను. ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. నలభై ఒక్కటిలో అంత బాగున్నది ఇంకొకటి లేదని చెప్పాను. గోడ మీద ఎండ జరగడం గురించి, తట్టను అన్నాళ్లు ఫ్రేములో ఉంచిన నేర్పు గురించి, నోటుపుస్తకంలోని మాటలన్నీ వాడాను.

"తట్ట నేను పెట్టల్యా సార్, అది ఆడే ఉన్నింది," అంది. "ఫోన్ మాత్రం బియ్యం డబ్బా మీద ఒకే కాడ పెడతా ఉంటి. మొదటి దినాలు ఊరికే పెట్టినా. ఎనకాల మా అత్త ఎట్ల నిలబడుతుండాదో ఒకతూరి సూసుకున్నాక, ఇంగ అంగుళం కూడా జరపల్యా."

మాత్ర మింగడం ఎందుకు తీసేశావని అడిగాను.

"అది మీకు పంపినా గదా. అది మీది. ఇది నాది."

తర్వాత నవ్వుతూనే అంది: "ఆర్నెల్లు దినామూ మొగం సూపిస్తి. ఒక్కనాడన్నా ఎట్లుండావు రాజమ్మా అంటిరా? బొటనవేలు బొమ్మ ఒకటి కొట్టి పోతిరి. మా అత్త అడుగుతుండె, ఏమే, మీ సారుకు ఆ ఏలు తప్ప ఇంగేమీ ల్యాదా అని."

మిగిలిన ఇడ్లీ తిన్నాను. తర్వాత అసలు సంగతి విప్పాను. ఎంపికైతే ఎక్కడెక్కడ వేస్తారో చెప్పాను. రాతపూర్వక అంగీకార పత్రం తెచ్చాననీ, సంతకం పెట్టకపోయినా నష్టం లేదనీ చెప్పాను.

"ఐరాల పక్క తప్ప యాడన్నా ఏసుకోండి," అంది మొదట. ఫోన్‌లున్న కాలంలో అలా ఆపడం మా చేతిలో లేదన్నాను. మొహం మసకచేసి వేయవచ్చన్నాను. దానికి ఆమె పెద్దగా నవ్వింది. "మొగం మాపేస్తే ఇంగేముంటాది సార్ దాంట్లో? గోడా?"

కాసేపు బల్ల తుడిచింది. అంగడి కోసం వెనకాడుతోందనుకుని, నయమైన రోగి వల్ల ఎవరికీ ప్రమాదం లేదని శిబిరంలో నేను స్వయంగా చెబుతానన్నాను.

"అంగడి సంగతి నేను సూసుకుంటా సార్. రెండు దినాలు రారు, మూడోనాడు ఆకలైతే వాళ్లే వస్తారు," అంది. లోపల ముసలామె పప్పు రుబ్బుతున్న శబ్దం వస్తోంది. రాజమ్మ గొంతు తగ్గించింది. "ఊరంతా సూసేది నన్ను కాదు సార్. కొంగు అడ్డం పెట్టుకోని నిలబడిన ముసిల్దాన్ని సూస్తారు. కోడలికి ఏరే తట్ట పెట్టిందంట అని సెప్పుకుంటారు. అప్పుడు బయపడింది, ఎవరు బయపడరు? ఇప్పుడు నా తట్టలో తింటాది. ఆమెను నలుగురి నోట్లో ఎయ్యల్యాను. పంపినప్పుడు ఇంతదూరం వస్తాదని అనుకోల్యా. ఎవరో ఒకరు కడదాకా సూస్తే చాలనుకున్యా. తీసేయండి."

పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇడ్లీకి ఆమె డబ్బు తీసుకోలేదు.

మర్నాడు కమిటీ కూర్చుంది. లెక్చరర్ వస్తూనే, "ఆ ఆడమనిషి మొగం ఇంటికి పోయినా నన్ను ఇడవలేదు మేడమ్. ఫస్టు ప్రైజు దానికే. ఎవురు తీసినారో గానీ ఆర్నెల్లు ఓపిక పట్టినారు," అన్నారు. సాంకేతిక సభ్యుడిగా నేను లేచి, ఆ చిత్రంలో మందు గానీ, పరీక్ష గానీ, చికిత్స గానీ ఎక్కడా చూపలేదు కాబట్టి నిబంధనల ప్రకారం అర్హత లేదని చెప్పాను. అక్షరాలా చూస్తే అది నిజమే. మేడమ్ తలవంచుకుని రాసుకున్నారు.

లెక్చరర్‌కు కోపం వచ్చింది. "లైబ్రరీలో అన్ని పుస్తకాలు సదివి ఏం లాభం సార్? మాత్ర మింగినారా లేదా అని సూసినట్టే సినిమా కూడా సూస్తిరి మీరు!" అన్నారు. నాకు కారణం చెప్పే వీలు లేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధమూ లేదు. గూడూరు నిమ్మకాయల చిత్రానికి మొదటి బహుమతి వచ్చింది. దానికి అది తగినదే. ముప్ఫై మూడో నంబరు ఫైలును మేడమ్ నా ఎదుటే చెరిపేశారు. దాన్ని పూర్తిగా చూసినవాళ్లం, తీసినామెను వదిలేస్తే, ముగ్గురం.

ఆ ఏడాది నా ఫోన్‌కు వీడియోలు పంపే రోగులు పదకొండు మంది. మరుసటి రోజు నుంచి ప్రతి వీడియోనూ రెండుసార్లు చూశాను. ఒకసారి మాత్ర కోసం, ఒకసారి చివరిదాకా, శబ్దం పెట్టుకుని. రెండు నెలల తర్వాత ఒక పాలవ్యాను డ్రైవరు పంపిన వీడియోలో, నాలుక చూపించడం అయిపోయాక, ఫోన్ అందుకోవడానికి అతను కిటికీ వైపు తిరిగాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. క్షయ మందులు కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కామెర్లు దానికి మొదటి గుర్తు. ఆ పూటే ఫోన్ చేసి మందు ఆపించి వైద్యాధికారి దగ్గరికి పంపాను. మూడు వారాల తర్వాత మందులు ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు. అతను చికిత్స పూర్తిచేశాడు.

నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి బాధ్యతలు అప్పగించేటప్పుడు, నియమావళిలో లేని ఒక వాక్యం కాగితం మీద రాసి ఇచ్చాను: నాలుక ఎత్తగానే వీడియో ఆపవద్దు, అది అయిపోయేదాకా చూడాలి.