మార్క్ వన్ బండికి సెల్ఫ్ మోటారు

అంకమ్మరావు గారి సంగతి ఆయన చెప్పుకునే వరుసలోనే చెప్పాలి, లేకపోతే ఆయన ఊరుకోడు. చదివింది ఊళ్లో బడిలో ఐదో తరగతి. దర్శి పక్కన ఆ మెట్ట ఊళ్లో మొదటి బోరు వేయించింది ఆయన. పత్తికి పవర్ స్ప్రేయరు మొదట భుజానికి తగిలించుకుంది ఆయన. పొగాకు కాల్చే బ్యారన్ కట్టింది, మిరప నారు పెంచి చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చింది, సొసైటీకి రెండుసార్లు ప్రెసిడెంటుగా గెలిచింది, అన్నీ ఆయనే. వీటన్నిటికీ పైన కారు. పొగాకు కంపెనీ మేనేజరు ఒకాయన బదిలీ మీద వెళ్తూ అమ్మిన మీగడ రంగు అంబాసిడరు, మార్క్ వన్. అది ఊళ్లోకి వచ్చిన రోజు బడికి సెలవిచ్చారంటాడు. కాదనగలిగిన వయసువాళ్లు ఊళ్లో ఇప్పుడు పెద్దగా లేరు.

పోయిన ఆషాఢంలో ఆయన భార్య సుబ్బరావమ్మ చనిపోయింది. పెరట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తూ, అలాగే పక్కకు ఒరిగింది. పాడె మీదికి చేర్చేముందు ఆడవాళ్లు ఆమె రెండు చేతుల బొటనవేళ్లూ కలిపి దారంతో కట్టబోతే కుడి బొటనవేలు ఎడమదాని పక్కన ఇమడలేదు. కణుపు దగ్గర వంకర తిరిగి ఉంది. "కీళ్లవాతం" అన్నదెవరో. భర్త కూడా ఇన్నేళ్లూ అదే అనుకున్నాడు.

ఆయన ఆరోజు ఏడవలేదు. పెద్దకర్మనాడూ ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నాడని మెచ్చుకున్నారు. ఆయనకు మాత్రం ఒళ్లంతా పన్ను పీకేముందు ఇంజక్షన్ పొడిచిన చిగురులా ఉంది. తిన్నది పులుపో కారమో తెలిసేది కాదు. మాఘంలో కల్లం నిండా మిరపకాయ పరిచారు. గాలి తిరిగేసరికి కూలీలంతా ముక్కులకు చెంగులు అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే, ఆయన కాయల మధ్య నిలబడి ఊరికే చూశాడు. దగ్గు రాలేదు. కళ్లు మండలేదు.

ఇంట్లో మనిషి పోయాక మిగిలినవాళ్లను చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు. నిద్ర చేయించడం అంటారు దాన్ని. అది అయితేనే దుఃఖం గడప దాటినట్టు. పెద్దకర్మ కాగానే జరగాల్సినది. అంకమ్మరావుకు ఇంకా జరగలేదు. సుబ్బరావమ్మ తమ్ముడు త్రినాథ్, చీరాలలో చీరల వ్యాపారం చేసేవాడు, మూడుసార్లు వచ్చి వెనక్కి పోయాడు. నాలుగోసారి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏంది బావా ఈ మొండితనం? అక్క పోయింది, ఇంక బావనేం పట్టించుకుంటాడని మా బజారోళ్లు నన్నంటన్నారు. కారు తెచ్చా, లేచి ఎక్కు."

"ఎవరి కారు?"

"నాదే. ఏసీ ఉంది, హాయిగా పడుకుని రావచ్చు."

"నీకు జ్ఞానం వచ్చిన కాడ్నుంచి మీ గుమ్మంలోకి నేను ఒకళ్ల బండెక్కి వచ్చానంట్రా? నా బండి కదిలిననాడు వస్తా."

"నీ బండా! అది కదలాలంటే అక్క వచ్చి హ్యాండిల్..." అనబోయి త్రినాథ్ నాలుక కరుచుకున్నాడు.

సంగతేమిటంటే ఆ కారుకు ఇంజను స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు పనిచెయ్యక ఇరవై ఏళ్లు దాటింది. చిన్నమ్మాయి పెళ్లిలో పొంగుతున్న వాగుకు అడ్డంపడి పోనిచ్చాడు. నీళ్లు చేరి మోటారు కాలిపోయింది. బాగు చేయిద్దాంలే అనుకున్నాడు. హ్యాండిల్ ఉండగా తొందరేముంది? ఆయన స్టీరింగు ముందు కూర్చుని చోక్ లాగి పట్టుకునేవాడు. సుబ్బరావమ్మ కొంగు నడుముకు చుట్టి, ముందుకెళ్లి వంగి హ్యాండిల్ తిప్పేది. ఇంజను అందుకోగానే బానెట్ మీద అరచేత్తో చరిచి, వచ్చి ఎడమవైపు కూర్చుని హ్యాండిల్ కాళ్ల దగ్గర పెట్టుకునేది. ఆమెకు డ్రైవింగ్ రాదు గనక పని అలా పంచుకోవలసి వచ్చిందని ఆయన లెక్క. ఇప్పుడు ముందుకెళ్లి వంగే మనిషి లేదు. సెల్ఫ్ పడితే తప్ప బండి కదలదు, బండి కదిలితే తప్ప ఆయన కదలడు.

త్రినాథ్ ఖాళీ కారుతో వెళ్లిపోయాడు. మర్నాడు అంకమ్మరావు దర్శిలో మోటార్లు చుట్టే సిలార్ దగ్గరికి వెళ్లాడు. సిలార్ వచ్చి సెల్ఫ్ ఊడదీసి, బల్లమీద పెట్టి పెదవి విరిచాడు.

"కాయిల్ అయితే చుట్టేవాణ్ణి బాబాయ్. షాఫ్టే తినేసింది. బెండిక్స్‌కి ఒక్క పన్ను లేదు. నీకన్నా అన్యాయంగా ఉంది."

"నాకింకా పద్నాలుగున్నాయిరా. బెండిక్స్ లేకపోతే ఏం?"

"ఇంజను చక్రాన్ని పట్టుకుని తిప్పేదే అది. ఇంకో మోటారు వెతుక్కోవాల్సిందే."

వెతికాడు. పాత మోటారును గోనెసంచిలో వేసుకుని గుంటూరు బస్సెక్కాడు. ఒక కొట్లో కుర్రాడు సంచిలోకి తొంగిచూసి, డీజిల్ అంబాసిడర్‌ది ఇస్తానన్నాడు. పాత పెట్రోలు బండికి దాని పళ్లు కలవవని అంకమ్మరావే చెప్పాల్సివచ్చింది. ఇంకో కొట్టు యజమాని ఫోన్లో ఫొటోలు చూపించి, ఏ దేశం నుంచో తెప్పిస్తానన్నాడు, ఎప్పటికొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడు. పాత ఇనుము వీధిలో తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకడు మోటారును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"సెల్ఫ్ లేకుండా ఇన్నేళ్లు నడిపారా? ఎట్టాగండీ?"

"హ్యాండిలుతో."

"ఈ వయసులో హ్యాండిలా! ఒంట్లో సత్తువున్న మనిషండీ మీరు!"

"అలవాటు" అన్నాడు అంకమ్మరావు. "మా ఊళ్లో మొదటి బోరు నాదే. అప్పట్లో..." అని బోరు దగ్గర మొదలుపెట్టి సొసైటీ ఎన్నికల దాకా వచ్చాడు. పెద్దాయన మర్యాదస్తుడు, టీ తెప్పించి చివరిదాకా విన్నాడు. మోటారు మాత్రం లేదన్నాడు.

తిరుగు బస్సులో ఆయనకు నిరాశ కూడా కలగలేదు. సంచి ఒళ్లో బరువుగా ఉందని మాత్రం తెలిసింది.

చివరికి దారి దొరికింది సిలార్ వల్లే. సున్నం లోడు తోలే డ్రైవరు ఒకడు పిడుగురాళ్లలో పాత బట్టీ దొడ్లో ఇలాంటిదే మీగడ రంగు కారు చూశానన్నాడట. ఇద్దరూ కలిసి వెళ్లారు. బట్టీ ఆరిపోయి చాలాకాలమైంది. కారు మీగడ రంగేమీ కాదు, అసలు నల్లటిది. సున్నం దుమ్ము పేరుకుని అలా కనపడుతోంది. టైర్లు లేవు, అద్దాలు లేవు. యజమానురాలు జానీబీ, అంకమ్మరావుకు రెండు మూడేళ్లు చిన్నదేమో, కర్ర ఊపుతూ వచ్చింది.

"మెల్లగా అన్నా! ముందు సీట్లో కోడి పొదుగుతా ఉంది. మా ఆయనున్నప్పుడు అక్కడ నేను కూర్చునేదాన్ని. ఇప్పుడు దానికొచ్చింది యోగం."

సిలార్ బానెట్ ఎత్తించి, లోపలికి దూరి, సెల్ఫ్ ఊడదీసి బయటపడేసరికి ముఖం పిండి పూసినట్టయింది. మోటారును గుడ్డతో తుడిచి పళ్లు లెక్కపెట్టి, "బాబాయ్, దొరికింది" అన్నాడు. అంకమ్మరావు తలూపాడు.

"మీ ఆవిడ బాగుందా అన్నా?" అని అడిగింది జానీబీ, మర్యాదకు.

"పోయింది."

ఆమె కర్ర కింద పెట్టింది. ఆ మోటారు ఊరికే తీసుకుపొమ్మంది. "బండి నడిస్తే ఒకసారి ఇటు తీసుకురా. నడుస్తుంటే చూస్తా."

శుభ్రం చేసి, కార్బన్ బ్రష్‌లు మార్చి, కొత్త బ్యాటరీ కట్టి, సిలార్ దాన్ని బిగించిన ఉదయానికి త్రినాథ్ కూడా వచ్చాడు, ఈసారి బస్సు దిగి ఆటోలో. అంకమ్మరావు ఉతికిన పంచె కట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. సెల్ఫ్ నాబ్ లాగాడు. మోటారు గరగరమంది, ఇంజను మూడో తిప్పుకే అందుకుంది. సిలార్ ఈలవేశాడు. త్రినాథ్ వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

బండి కదల్లేదు. అంకమ్మరావు చెయ్యి గేరు మీదే ఉంది. చూపు బానెట్ మీద ఉంది.

"ఇంకేంది బావా? పోనీ."

"చరచలా" అన్నాడు ఆయన.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే తేరుకుని ఇంజను ఆపేసి దిగాడు. ఎడమ సీటు కిందనుంచి హ్యాండిల్ తీసి ముందుకు నడిచాడు. సెల్ఫ్ వచ్చాక మళ్లీ హ్యాండిలేమిటని త్రినాథ్ అరుస్తున్నా వినకుండా, రంధ్రంలో దూర్చి వంగాడు. అది అసలు ఎలా పట్టుకోవాలో ఆయనకు తెలియదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ పట్టుకోలేదు.

"బొటనవేలు చుట్టమాక బాబాయ్!" సిలార్ పరుగెత్తుకొచ్చాడు. "వేళ్లన్నీ ఒకపక్కనే ఉండాల. ఎనక్కి తన్నిందంటే బొటనవేలు ఇరుగుద్ది."

"విరిగితే?"

"ఏముంది, వంకరగా అతుక్కుంటుంది. మా నాన్నది అట్టాగే అయింది."

అంకమ్మరావు తన బొటనవేలి వంక చూసుకున్నాడు. దారం కట్టబోతే ఇమడని వేలు గుర్తొచ్చింది. ఎప్పుడు విరిగిందో తెలియదు. ఆరోజు కూడా ఆమె బానెట్ చరిచి, వచ్చి పక్కన కూర్చునే ఉంటుంది. తను గేరు మార్చే ఉంటాడు.

వేలు పక్కకు తీసి, మొత్తం ఒంటిని మోపి తిప్పాడు. సగం కూడా తిరగలేదు. ఊపిరి పట్టి మళ్లీ తిప్పాడు. ఈసారి పైదాకా వచ్చి, చేతిలోంచి జారి, గిర్రున వెనక్కి వచ్చి అరచేతిని కొట్టింది. మంట మోచేతిదాకా పాకింది. ఆషాఢం తర్వాత ఆయనకు ఒంట్లో తెలిసిన మొదటి నొప్పి అదే. చెయ్యి దులపలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంత బరువంట్రా ఇది?" అన్నాడు మెల్లగా.

ఆయన హ్యాండిల్ తీసి ఎడమ సీటు ముందు, ఆమె పెట్టుకునే చోటే పెట్టి, నాబ్ లాగి బండి పోనిచ్చాడు.

చీరాల ఇంకా కాస్త దూరం ఉందనగా టీ కొట్టు దగ్గర ఆగారు. కారు చుట్టూ నలుగురు మూగారు. "ఏ మోడలు తాతా? సెల్ఫా, హ్యాండిలా?" అని ఒకడడిగాడు. త్రినాథ్ గ్లాసు పట్టుకుని బెంచీ మీద సర్దుకు కూర్చున్నాడు. బావ చరిత్ర బోరు దగ్గర మొదలవుతుందని అతనికి తెలుసు.

"ఇప్పుడు సెల్ఫ్. నిన్నటిదాకా హ్యాండిలే" అన్నాడు అంకమ్మరావు. ఎర్రగా కమిలిన అరచెయ్యి వాళ్లముందు చాపాడు. నలుగురిలో ఆయన ఏనాడూ భార్య పేరు పలికి ఎరగడు.

"సుబ్బరావమ్మ తిప్పేది" అన్నాడు.