ఊళ్లో ఎటువైపు?

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా రెండు కళ్ల మీద ఒట్టు. మా ఆవిడ తన మీద మాత్రం ఒట్టు వేయనివ్వదు. నా ఒట్లు పనిచేసేవే అయితే తను ఎప్పుడో పోయుండేదంటుంది.

కెనడాలో ఈ గ్వెల్ఫ్ ఊరు వచ్చిన కొత్తలో ఈ అపార్ట్‌మెంట్ అద్దెకి అడిగితే మేనేజరు జాబ్ లెటర్ చూశాడు, క్రెడిట్ స్కోర్ చూశాడు, తాళాలిచ్చాడు. అంతే. నా ఇంటిపేరు పలకడానికే అతనికి నోరు తిరగలేదు, ఇక దాని వెనకేముందో ఏం తెలుస్తుంది. లిఫ్టులో ఈల వేసుకుంటూ పైకెళ్లాను. కాకినాడలో ఇల్లు వెతికిన రోజుల్లో గుమ్మానికో కథ అల్లాల్సి వచ్చేది. ఒకచోట మా తాత జమీందారు దగ్గర ఏనుగులు మేపాడన్నాను. ఇంకోచోట ఆ జమీందారే మా తాతన్నాను. నా కథల విద్య అలా అబ్బిందే. ఇక్కడికొచ్చాక దానికి పని లేకపోయింది, సరదాకి వాడుకుంటున్నాను.

ఆ తాళాలు అంత తేలిగ్గా ఎందుకు దొరికాయో ఎదురు ఫ్లాట్ పెద్దావిడ వల్ల తెలిసింది. నల్లజాతి మనిషి, ఎనభై దాటాయి, నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ వయసులో ఉండగా ఫోన్ చేస్తే గది ఖాళీగానే ఉందనేవాళ్లట. మనిషి గుమ్మంలో నిలబడగానే, ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశాం అనేవాళ్లట. కాఫీ షాపులో కూర్చుంటే పలికే దిక్కుండేది కాదు. అప్పుడు స్నేహితులందరూ కలిసి వెళ్లి, పలికేదాకా కూర్చునేవాళ్లు. అమెరికాలో నల్లవాళ్లు చేస్తున్న పోరాటాలు రేడియోలో విని ధైర్యం తెచ్చుకునేవాళ్లు. వాళ్లలా కూర్చోబట్టే చట్టాలొచ్చాయి. వాళ్లు కూర్చోబట్టే నేనివాళ కిటికీ పక్కన టేబుల్ దగ్గర కూర్చుని మఫిన్ తింటుంటే ఎవరూ తలెత్తి చూడరు. అందుకే మా ఇంట్లో పులిహోర కలిపినప్పుడల్లా ఆవిడ వాటా ఆవిడకి వెళ్తుంది.

మొన్న బిల్డింగ్ అమ్మేశారు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. బయట అద్దెలు మేం అందుకునేలా లేవు. అంతలో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకరింటి కింద బేస్‌మెంట్ కనబడింది, మాకు సరిపోయే అద్దెలో అదొక్కటే. వెళ్లేటప్పుడు కారులో మా ఆవిడ ముందే చెప్పింది.

"ఈసారి ఏనుగులొద్దు. ఉన్నదున్నట్టు చెప్పండి. ఇది కెనడా."

ఇల్లు బాగుంది. విడిగా దారి ఉంది, వంటింట్లోకి ఎండ కూడా పడుతోంది. ఇక మీదే అనుకోండన్నాడు ఇంటాయన. టీ తెచ్చిన ఇంటావిడ మా ఊరడిగింది. చెప్పాను. మా పిన్నివాళ్లదీ ఆ ఊరేనంటూ మొహం ఇంత చేసుకుంది.

"అయితే ఊళ్లో ఎటువైపండీ?"

ఏ వైపు ఎవరుంటారో ఆవిడకి తెలుసు. ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, కులం మాట నోటితో అనక్కర్లేదు.

"కాలవ అవతలండీ, పేటలో," అన్నాను.

టీ చాలా బాగుందంది మా ఆవిడ. ఇంటాయన ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఎంత పాతదో చెప్పడం మొదలెట్టాడు. మేం కారు దాకా రాకముందే మెసేజ్ వచ్చింది: "సారీ అండీ, మా కజిన్ ఫ్యామిలీ వస్తున్నారట. ఇప్పుడే తెలిసింది."

పెద్దావిడకి చెప్పాను.

"మాటలు కూడా పెద్దగా మార్చలేదన్నమాట," అంది. కంప్లైంట్ ఇవ్వమంది.

"ఏమని ఇవ్వను? ఊళ్లో ఎటువైపని అడిగారనా?"

ఆవిడ కోటు తొడుక్కుంది. నాతో వచ్చి ఆ ఇంటి మెట్ల మీద కూర్చుంది. మంచు మొదలైంది. ఆంటీ, లోపలికి రండని ఇంటాయన బతిమాలాడు. పిలవాల్సింది తనని కాదు, నన్నంది. మంచు ఆవిడ మోకాళ్లు దాటింది, నడుం దాటింది. మంచు తీసే బండి ఆవిడ చుట్టూ తిరిగి వెళ్లింది. సర్రీ ఊరి నుంచి నిజంగానే దిగిన కజిన్ ఫ్యామిలీ, సంగతి విని, సూట్‌కేసులతో సహా ఆవిడ పక్కనే కూర్చుండిపోయారు. చివరికి ఇంటావిడ టీ సాసర్లో తాళంచెవి పెట్టి పట్టుకొచ్చింది.

ఒట్టు సంగతికొస్తే, కోటు దగ్గర్నుంచి తాళంచెవి దాకా నా కల్పన. మిగతాదంతా జరిగింది. పెద్దావిడ ఎక్కడికీ రాలేదు. నా ప్రశ్న విని, అల్మారాలోంచి కప్పులు దించింది.

"మాకు వాళ్లేం ఇవ్వట్లేదో చూసినవాళ్లందరికీ కనబడేది," అంది. "నీకు జరిగింది ఎవరికి చూపిస్తావు?"

తర్వాత తన కప్పుల్ని పాత పేపర్లలో చుట్టుకోసాగింది. ఖాళీ చేయమని ఆవిడకీ చెప్పారు. నేను ఒక్కో కప్పూ అందించాను.

రేపు ఇంకో తెలుగువాళ్ల బేస్‌మెంట్ చూడాలి. పొద్దున కూరలు తరుగుతూ, తలెత్తకుండా అడిగింది మా ఆవిడ.

"మీ తాత ఏ జమీందారు దగ్గర ఏనుగులు మేపాడన్నారు? ఇద్దరం ఒకటే చెప్పాలి కదా."