విశ్వకర్మ పూజనాడు కదిపిన ఫోల్డరు

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలుండేవి: దేవుడు లేడనీ, నేను తప్పు చెయ్యననీ. మొదటిది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రెండోది మాత్రం ఎర్రజెండా ప్రభుత్వం ఇంకా నడుస్తుండగానే, కలకత్తా పక్కనే, ఒక కంప్యూటరు ముందు కూలిపోయింది.

హౌరాలో ఒక చిన్న కంప్యూటరు ఆఫీసులో సర్వర్లు చూసుకునేవాణ్ణి. ఆర్నెల్ల ప్రొబేషన్ గడిస్తేనే ఉద్యోగం ఖాయం. నా పైనున్న పెద్దాయన్ని అందరూ దాదా అనేవాళ్ళం. యూనియన్ సభలో మతాన్ని గంటసేపు దులిపేయగలడు, విశ్వకర్మ పూజనాడు అదే గొంతుతో పురోహితుణ్ణి తొందరపెట్టగలడు. ఆ రోజు అక్కడ పనిముట్లకి సెలవు. లేతు మిషను నుంచి రిక్షా దాకా అన్నిటికీ బొట్టు పెట్టి, జనం మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తారు. మా సర్వరుకీ బంతిపూల దండ పడింది. ప్రసాదంగా పంచిన సందేశ్ మిఠాయి నా దగ్గరికొస్తే, "ఇది నడిచేది కరెంటుతో, కుంకుమతో కాదు" అని ఉపన్యాసమిచ్చి (ఎవరూ అడగలేదు) వద్దన్నాను. అక్కడితో ఊరుకున్నానా? అందరూ మేడెక్కాక, పూజనాడు పనిచేసి చూపించడమే హేతువాదమనుకుని, ఒక శిక్షణ సంస్థ ప్రవేశపరీక్ష ఫలితాల ఫోల్డరుని నా సొంత ఖాతాలోంచి వెబ్‌సైటు ఉండే చోటికి హడావిడిగా కదిపేశాను.

మర్నాడు పొద్దున్న తెరవబోతే "అనుమతి లేదు" అంది. మధ్యాహ్నం మూడింటికి ఫలితాల కోసం పిల్లలంతా చూస్తారు. చదవడానికి పర్మిషన్ ఇచ్చాను, రాయడానికి ఇచ్చాను, చివరికి ఊరందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేశాను. అదే జవాబు. పర్మిషన్లకి పైన, ఏది దేన్ని ముట్టుకోవచ్చో చూసే కాపలా వ్యవస్థ ఒకటి సర్వరులో ఉంది, అడ్డుపడుతున్నది అదే అయ్యుండాలి.

దాదా దండ సర్దుతూ, "ముట్టుకోకూడని రోజున ముట్టుకున్నావు కదా బాబా!" అన్నాడు.

"ఆధారం చూపించండి దాదా!" అని అరిచాను.

"సరే, ఆ కాపలా వ్యవస్థని ఆపెయ్యి. అన్నీ తెరుచుకుంటాయి."

"కారణం తెలియకుండా ఆపేస్తే దానికీ మూఢనమ్మకానికీ తేడా ఏమిటి?"

"తేడా ఏమిటంటే, మూడింటికి ఫలితాలు కనిపిస్తాయి. నీ ఉద్యోగమూ కనిపిస్తుంది."

పన్నెండింటికి చిన్నాన్న అన్నం క్యారేజీ తెచ్చాడు. (హౌరా స్టేషన్లో పార్సిళ్ళ దగ్గర పని. నేనుండేది టికియాపారాలో ఆయన క్వార్టర్లోనే.) "ఏట్రా, ముఖం అలగెట్టావు?" అన్నాడు. చెప్పాను. పూర్తిగా విని, "ఎందుకు ఆపిందో అదెక్కడా రాయదేటి? మాకాడ పార్సిలు ఆగిపోతే ముందు దాని మీద అంటించిన సీటీ సూత్తాం" అన్నాడు.

రాస్తుంది. లాగ్ ఫైలని ఒకటుంటుంది, ఆగినవన్నీ కారణంతో సహా అందులో పడతాయి. పొద్దుట్నుంచీ లోకాన్ని ఆధారం అడుగుతున్నవాణ్ణి, నేనే దాన్ని తెరవలేదు.

తెరిస్తే అంతా ఉంది. ఆ కాపలా వ్యవస్థ ప్రతి ఫోల్డరుకీ ఒక చీటీ అంటిస్తుంది. కాపీ చేస్తే కొత్త చోటి చీటీ వస్తుంది, కదిపితే పుట్టిన చోటి చీటీయే వెంటొస్తుంది. నా ఫోల్డరు మీద ఇంకా "ఇంటి సొత్తు" అనే ఉంది (పుట్టింది నా సొంత ఖాతాలో కదా), వెబ్‌సైటు ఇంటి సొత్తుని ముట్టుకోకూడదు. ఇక నేనెన్ని పర్మిషన్లిచ్చి ఏం లాభం? (పుట్టుకని బట్టి మనుషులకి చీటీలంటించడం మీద అప్పటికే మూడు వ్యాసాలు రాసినవాణ్ణి!) చీటీలు సరిచేసే ఆదేశం ఒక్కటి కొట్టాను. ఒంటిగంటకల్లా ఫలితాలు కనిపించాయి.

"దేవుడు కాదు దాదా, తప్పు చేసింది నేనే" అన్నాను. ఆ ఆఫీసులో చేరాక నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

దాదా, "అది చెప్పడం వచ్చిందిగా, ఇక నీ ఉద్యోగం ఖాయమని రాసేస్తాను" అంటూ సొరుగులోంచి నిన్నటి సందేశ్ తీశాడు. "ప్రసాదమే మరి. తింటావా?"

ప్రసాదమన్న చీటీ పీకేసి, మిఠాయి అన్న చీటీ అంటించుకుని తిన్నాను. బాగుంది. ఇప్పటికీ ఎక్కడైనా వాదనలో గొంతు లేస్తుంటే ఆ తీపి నాలుకకి తగులుతుంది. ఒక్క క్షణం ఆగి, "లాగ్ చదివావట్రా?" అని లోపలున్న ఆ కుర్రాణ్ణి అడుగుతాను. సగం సార్లు వాడు తల దించుకుంటాడు.